చిత్రపరీక్షయు బాలశిక్షయు



‘విమర్శ’ యను మాట నేడు మన పల్లెలలో తిట్టునకు మాఱుపేరైనది. ‘వాడు నన్ను విమర్శించినాడు’ అన్నచో, ‘వాడు నన్ను దూషించినాడు’ అనియే అందఱును గ్రహింతురు. కాని శబ్దమును విప్పి చూచినచో దానియందు దూషణ యిసుమంతయు లేదు. మృశ ధాతువునకు ఆమర్శనము అర్థము. అనగా చేతితో తాకి, తడవి చూచుట. చీర కొనవచ్చిన యిల్లాలు అంచు పట్టుకొని, వ్రేళ్లనడుమ నలిపి, మడత విప్పి, వెలుతురునకెత్తి చూచును గదా. ఆ చూచుటయే విమర్శ. కొనుటయు మానుటయు తరువాతి మాట.

నేడు నేను చెప్పబూనినది, ఒక పిల్లవాడు గీసిన చిత్తరువును మఱియొక పిల్లవాడు చూచి, మర్యాద తప్పక, మేలు కలుగునట్లు మాటాడుట యెట్లను విషయము. ఈ విద్య పాశ్చాత్య దేశములనుండి నిన్నమొన్న దిగివచ్చినదని కొందఱు తలంతురు. మన సాహిత్యమునందే దీనికి పురాతనమైన చరిత్ర కలదు. ఆ చరిత్రను చదివినకొలదియు నాకొక సంగతి స్పష్టమైనది. విమర్శలోని మర్యాద నాలుకనుండి పుట్టునది కాదు, కంటినుండి పుట్టునది. చక్కగా చూచినవాడు అమర్యాదగా మాటాడుట అరుదు. చూడనివాడు ఎంత తీయగా పలికినను ఆ పలుకు గీసినవానికి ఉపకరింపదు.

‘బొమ్మలు గీయుట కూడు పెట్టునా? దానికింత విచారణ యెందుకు?’ అని పెద్దలు అడుగవచ్చును. నేను మూడు పదులకు పైబడిన సంవత్సరములు పల్లెబడులలో తెలుగు చెప్పితిని. ఐదాఱేండ్ల ప్రాయమున ప్రతి బిడ్డయు గోడమీద బొగ్గుతో, పలకమీద సుద్దతో, ఇసుకలో పుల్లతో బొమ్మలు గీయును. పది పండ్రెండేండ్లు వచ్చుసరికి వారిలో పెక్కుమంది ‘నాకు రాదు’ అని చేతులు ముడుచుకొందురు. ఈ నడుమ ఏమి జరిగినదని విచారించినచో, తఱచుగా ఒక నవ్వు కనబడును. ‘ఇది గుఱ్ఱమా, గాడిదయా?’ అని ఎవరో నవ్విన నవ్వు. ఆ నవ్విన తోడిపిల్లవాడు దుష్టుడు కాడు. బొమ్మను చూచి ఏమి మాటాడవలెనో అతనికి ఎవ్వరును నేర్పలేదు. అక్షరములు నేర్పనివానిని చదువుమన్నచో ఎట్లు తడబడునో, చూపు నేర్పనివానిని చెప్పుమన్నచో అట్లే నవ్వును.

ఇక చరిత్రకు వత్తును. మొదటి నిదర్శనము కాళిదాసుని మాళవికాగ్నిమిత్రము. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దమున విదిశలో నున్న శుంగరాజు అగ్నిమిత్రుని ఆస్థానమున ఆ కథ నడచును. అందు గణదాసుడు, హరదత్తుడు అను ఇద్దఱు నాట్యాచార్యులు కలహించి రాజుకడకు వత్తురు. తాను తన పాదధూళికైనను సాటిరాడని హరదత్తుడు పెద్దల యెదుట ఆడెనని గణదాసుని మొఱ. తమ యిద్దఱికిని సముద్రమునకును నీటిగుంటకును ఉన్నంత అంతరము కలదని గణదాసుడే మొదట నిందించెనని హరదత్తుని మొఱ. గమనింపుడు: ఈ రెండు మాటలలోను నాట్యము లేదు. అడుగు లేదు, లయ లేదు, అభినయము లేదు. మనిషిని తూచిన మాటలే కాని పనిని చూచిన మాటలు కావు. కలహము పుట్టుటకు అదియే కారణము.

ఈ తగవు తీర్చుటకు పండిత కౌశికి యను పరివ్రాజిక ప్రాశ్నికురాలుగా, అనగా పరీక్షకురాలుగా, నియమింపబడును. ఆమె నడపిన తీరు నేటి ఉపాధ్యాయులు కూడ నేర్వదగినది. నాట్యశాస్త్రమున ప్రయోగమే ప్రధానము, వట్టి మాటలతో పనిలేదని ఆమె మొదటనే తేల్చును. ఎంత తెలిసినవాడైనను ఒంటరిగా తీర్పు చెప్పుట దోషమునకు దారియని తనతోబాటు ఇతరులును చూడవలెనని కోరును. పాత్రలు విశేషాలంకారములు లేక, అంగముల సౌష్ఠవము కనబడునట్టి వేషముతో రావలెనని చెప్పును. చూడవలసినదానికి అడ్డమైనవానిని తొలగించుట పరీక్షకు మొదటి మెట్టని ఆమెకు తెలియును.

పిదప గణదాసుని శిష్యురాలు మాళవిక నాట్యము చేయును. ముగిసిన తరువాత కౌశికి ‘బాగున్నది’ అని ఊరకుండదు. అంగములచేత అర్థము సూచింపబడిన తీరును, అడుగు లయననుసరించిన తీరును, రసమునందలి తన్మయతను విడివిడిగా పేర్కొని, అంతయు నిర్దోషమని చెప్పును. మెప్పుకోలైనను పనిలోని భాగములను పట్టుకొని యుండుటచే ఆచార్యునకును శిష్యురాలికిని అది పాఠమైనది.

అదే ఘట్టమున మఱియొక పరీక్షకుడు బయలుదేఱును. అతడు విదూషకుడు. మాళవిక వెడలిపోవుచుండగా, ఆమెను రాజు మఱికొంతసేపు చూడవలెనను యుక్తితో, ఇందులో క్రమభంగ మొకటి జరిగినదని అడ్డుపడును. గణదాసుడు ఆదరముతో శిష్యురాలిని నిలిపి, ఆ దోషమేమో చెప్పుమని అడుగును. ముందు పరివ్రాజిక నడుగుము, తరువాత నేను చెప్పెదనని విదూషకుని సమాధానము. చివరకు తేలిన దోషమేమి? తొలి ప్రదర్శనమున బ్రాహ్మణపూజ చేయవలసియుండగా తన్ను మఱచిరట! సభ యంతయు నవ్వును. మనమును నవ్వుదుము. కాని మనవారి విమర్శలలో ఎన్ని ఈ జాతివో లెక్కించి చూడుడు. దోషము పనిలో నుండదు. చూచువాని ప్రయోజనములో నుండును. ముందితరులు చెప్పిన తరువాత తాను చెప్పెదననుట చూడనివాని లక్షణము.

రెండవ నిదర్శనము కూడ కాళిదాసునిదే. శాకుంతలము ఆఱవ యంకము. విచిత్రమేమనగా, అచ్చటను పరీక్షకుడు విదూషకుడే. కాని ఈ మాధవ్యుడు చూచుట తెలిసినవాడు. దుష్యంతుడు జ్ఞప్తినిబట్టి శకుంతలను, ఇద్దఱు చెలికత్తెలను చిత్రించియుండును. ముగ్గురిలో శకుంతల యెవరని నీవు తలచెదవని రాజు అడుగును. మాధవ్యుడు ఏదో ఒక రూపమును వ్రేలితో చూపి ఊరకొనడు. జడముడి సడలి పువ్వులు జాఱుచున్నవనియు, మొగమున చెమటబిందువులు పొడమినవనియు, భుజములు వ్రాలి యున్నవనియు, క్రొత్తగా నీరు పోసినందున చిగుళ్లు నిగనిగలాడుచున్న మావిమొక్కప్రక్కన కొంచెము అలసినట్లు నిలిచియున్నదనియు, కావున ఆమెయే శకుంతల యనియు చెప్పును. ప్రతి మాటకును చిత్రమున ఆధారము చూపును.

అంతట రాజునకు హృదయము విప్ప ధైర్యము కలుగును. అంచులవెంబడి చెమటవ్రేళ్ల మరకలు పడినవనియు, చెక్కిలిపై కన్నీటిబొట్టు రాలి రంగు ఉబ్బినదనియు తానే చెప్పును. మాలినీనదియు, ఇసుకతిన్నెపై హంసలజంటయు, హిమవంతము పాదపర్వతములును ఇంకను వ్రాయవలసియున్నవని తానే లెక్కపెట్టును. చెవిని శిరీషపుష్పము మఱచితినని తానే తెలిసికొనును. పరీక్షకుడు చక్కగా చూచినచో చిత్రకారుడు తన లోపములను తానే చెప్పుకొనును. ఆ వేళ మాధవ్యునకు హాస్యము తోచకపోలేదు. ఇతడు ఈ పలకను గడ్డముల ఋషులతో నింపునట్లున్నాడని అతడనుకొనును. కాని తనలో తానే అనుకొనును. నవ్వు రాకుండుట మర్యాద కాదు. వచ్చిన నవ్వును వేళ యెఱిగి లోపల నిలుపుకొనుట మర్యాద.

కవుల మాట యిట్లుండగా శాస్త్రకారులేమనిరి? విష్ణుధర్మోత్తరపురాణము మూడవ ఖండమున చిత్రసూత్రము కలదు. వజ్రుడను రాజు ప్రతిమాలక్షణము చెప్పుమని మార్కండేయుని ప్రార్థించును. చిత్రమెఱుగక ప్రతిమ తెలియదు, నృత్తమెఱుగక చిత్రము తెలియదు, వాద్యమెఱుగక నృత్తము తెలియదు, గీతమెఱుగక వాద్యము తెలియదు అని ఆ ముని ఒక్కొక్క మెట్టే వెనుకకు నడుపును. తీర్పు చెప్పుటకు ముందు తెలిసికొనవలసినది ఎంతయున్నదో దీనివలన గ్రహింపవచ్చును. ఒకే చిత్రమున కొందఱు రేఖను, కొందఱు వెలుగునీడల పొందికను, కొందఱు ఆభరణములను, కొందఱు రంగుల నిండుదనమును మెచ్చుకొందురని కూడ అచ్చట చెప్పబడినది. నలుగురు పిల్లలు ఒక బొమ్మను చూచి నాలుగు మాటలు చెప్పినచో అది గందరగోళము కాదు. నాలుగు మాటలు కలిసినగాని చిత్రము పూర్తిగా చూడబడదు.

అలంకారశాస్త్రమున దోషవిచారమునకు పెద్దపీట కలదు. 11వ శతాబ్దమున మమ్మటుడు కావ్యలక్షణము చెప్పుచు దోషరాహిత్యమునే మొదట పేర్కొనెను. కావ్యప్రకాశము ఏడవ ఉల్లాసమంతయు దోషములకే కేటాయించెను. 14వ శతాబ్దమున సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు దీనిని ఆక్షేపించెను. దోషమే లేని కావ్యము దొరకునా? దొరకనిచో లోకమున కావ్యమే లేదనవలసివచ్చును. పురుగు తొలిచినంత మాత్రమున రత్నము రత్నము కాకపోదని ఆయన సమాధానము. తొలుపు తొలుపే, దానిని దాచవలదు. కాని తొలుపును మాత్రమే చూచి రత్నమును చూడనివాడు రత్నపరీక్షకుడు కాడు. పండితశిక్ష పొందిన మావంటివారు దోషముల జాబితాను ముందు వల్లెవేసితిమి. ఆ జాబితా అవసరమే. అది చేతిలోని దివ్వెవలె నుండవలెను కాని కఱ్ఱవలె నుండరాదు.

సహృదయుడన నెవడను ప్రశ్నకు కాశ్మీరదేశీయుడగు అభినవగుప్తుడు, 10–11 శతాబ్దములవాడు, చెప్పిన సమాధానము మనకు మిక్కిలి ఉపయోగించును. కావ్యములను మఱల మఱల పరిశీలించుటచే ఎవని మనస్సు అద్దమువలె తేటపడునో, వర్ణింపబడినదానితో తాదాత్మ్యము పొందుటకు ఎవడు తగునో వాడే సహృదయుడని ఆయన భావము. ఇందు అభ్యాసమను మాటకు ప్రాధాన్యము. అద్దమును తుడిచినకొలది తేటపడును. రసజ్ఞత కొందఱికే పుట్టుకతో దక్కునది కాదు, నేర్పినచో వచ్చునది. అట్లైనచో ఏడవ తరగతి పిల్లవానికి ఏల రాదు?

ఇంతవఱకు చెప్పినది పెద్దల చిత్రములు, పెద్దల పరీక్ష. పిల్లల బొమ్మలను గుఱించి లోకము ఎప్పుడు ఆలోచించినది? ఇది ఆధునిక చరిత్ర. ఆంగ్లేయుల యేలుబడిలో చిత్రలేఖనము బడిలోనికి వచ్చినది. అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు 1850లో మద్రాసున కళాశాల స్థాపించెను. ఆనాటి శిక్షణకు లండనులోని సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి మాతృక; గీతలు, కోణములు, అచ్చుప్రతుల అనుకరణము అందు ముఖ్యములు. చేతిపనివారి హస్తకౌశలమునకు అది తోడ్పడియుండవచ్చును. కాని అనుకరణమే విద్యయైనచోట పరీక్షకు మిగులు ప్రశ్న యొక్కటే: ‘మూలమువలె నున్నదా, లేదా?’ దానికి అవుననియో కాదనియో చెప్పినచో సరిపోవును. మాటాడుకొనుటకు చోటు లేదు. నల్లబల్లమీద పంతులు గీసిన మామిడిపండును నలువదిమంది పిల్లలు గీసి, నలువది అంకెలు వేయించుకొని వెళ్లిన తరగతులు మనలో పెక్కుమందికి జ్ఞప్తియుండును.

ఈ కట్టును సడలించినవారిలో వియన్నా నగరవాసి ఫ్రాంజ్ చిజెక్ ఒకడు. ఆయన 1897లో బాలుర చిత్రకళాతరగతి ప్రారంభించెను. పిల్లల బొమ్మలు పెద్దల బొమ్మలకు చెడిపోయిన ప్రతులు కావనియు, వానికి తమదైన ధర్మము కలదనియు ఆయన నమ్మెను. ఇంగ్లాండున డడ్లీ పట్టణపు బాలికల పాఠశాలలో మారియన్ రిచర్డ్‌సన్ అను ఉపాధ్యాయిని 1912 నుండి పనిచేసెను. ఆమె తాను చూచిన దృశ్యమును మాటలతో వర్ణించి, పిల్లలు కన్నులు మూసికొని మనస్సున చూచిన పిదప గీయనిచ్చెను. 1917లో రోజర్ ఫ్రై అను ప్రఖ్యాత కళావిమర్శకుడు ఆ బొమ్మలను చూచి ఆశ్చర్యపడి లండనున ప్రదర్శించెను. మన దేశమున శాంతినికేతనమున శిక్షణ పొందిన దేవీప్రసాద్ 1944 మొదలు సేవాగ్రామమున నయీతాలీం బడిలో పిల్లలకు చిత్రకళ నేర్పి, పిల్లల కళను గుఱించి గ్రంథము వ్రాసెను.

మన తెలుగుదేశమున చూచువాని ప్రభావమునకు రాజమహేంద్రవరము సాక్షి. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా చిత్రకారుడు. ఆయన అడివి బాపిరాజు మొదలగు విద్యార్థులకు ప్రోత్సాహమిచ్చెను. దామెర్ల రామారావు అను బాలుని చేతిలోని నేర్పును గుర్తించి బొంబాయి కళాశాలకు పోవుటకు తోడ్పడెను. రామారావు తిరిగివచ్చి రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో తన 28వ యేటనే కీర్తిశేషుడయ్యెను. ఆయన చిత్రములు ఆ నగరమున ఆయన పేరనున్న చిత్రశాలలో కలవు. ఒక చూపు సకాలమున పడుటచే తెలుగువారికి దక్కినది ఇది.

ఐతే, పెద్దవాడు చూచి మెచ్చుట యొకటి. పిల్లలు ఒకరినొకరు చూచి మాటాడుకొనుట మఱియొకటి. ఈ రెండవదానికి క్రమము ఏర్పడినది 20వ శతాబ్దము ఉత్తరార్ధమున. అమెరికాలో ఎడ్మండ్ బర్క్ ఫెల్డ్‌మన్ అను ఆచార్యుడు విమర్శకు నాలుగు మెట్లు చెప్పెను: ఉన్నది వర్ణించుట, భాగముల కూర్పును పరిశీలించుట, అర్థమును ఊహించుట, తుదకు విలువ కట్టుట. తీర్పు నాలుగవ మెట్టున గాని రాదు. మనవారు మొదటి మెట్టుననే తీర్పు చెప్పి దిగిపోవుచున్నారు. తరువాత మానసిక శాస్త్రము నెఱిగిన అబిగైల్ హౌసన్, న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలలో విద్యాశాఖకు అధికారిగా నుండిన ఫిలిప్ యెనవైన్ కలిసి బడిపిల్లలకు మూడు ప్రశ్నల పద్ధతిని ఏర్పఱచిరి. ఈ బొమ్మలో ఏమి జరుగుచున్నది? ఏమి చూచి అట్లనుచున్నావు? ఇంకను ఏమి కనబడుచున్నది? రెండవ ప్రశ్నను వినినప్పుడు నాకు మాధవ్యుడు జ్ఞప్తికి వచ్చెను. జడముడియు, చెమటబిందువులు, మావిమొక్కయు ఆ ప్రశ్నకు సమాధానములే.

దోషము చెప్పుట మాట యేమి? రాన్ బెర్జర్ అను ఉపాధ్యాయుడు మాసచూసెట్స్ రాష్ట్రమున ఒక చిన్న గ్రామపు బడిలో బహుకాలము పనిచేసెను. ఆయన వడ్రంగి కూడను. 2003లో ప్రకటించిన పుస్తకమున ఆయన విమర్శకు మూడు నియమములు వ్రాసెను: మాట దయతో నుండవలెను, నిర్దిష్టముగా నుండవలెను, సాయపడునదిగా నుండవలెను. ఐడహో రాష్ట్రములోని బోయిసీ నగరమున ఒకటవ తరగతి బాలుని కథ ఆయన తఱచుగా చెప్పును. ఆ బాలుడు ఒక జాతి సీతాకోకచిలుక ఛాయాపటమును చూచి గీయవలెను. మొదట గీసినది ఏ పిల్లవాడైనను చూడకుండ గీయునట్టి గుండ్రని రెక్కల బొమ్మ. తోడిపిల్లలు నవ్వలేదు. పటమును బొమ్మను ప్రక్కప్రక్కన ఉంచుకొని, రెక్కలు కోణములు తేలి త్రిభుజమువలె నుండవలెనని చెప్పిరి. బాలుడు మఱల గీసెను. వారు మఱల చూచిరి. మొదట ఆకారమును గుఱించియే మాటాడిరి. అది కుదిరిన తరువాత రెక్కలమీది చారలను గుఱించి మాటాడిరి. ఆఱవ ప్రతి వచ్చునప్పటికి ఆ బొమ్మ చూచినవారిని ఆశ్చర్యపఱచునదైనది. దయ యనగా దోషమును దాచుట కాదని ఇందువలన తెలియుచున్నది. ఐదుమాఱులు దోషము చెప్పబడినది. ఐదుమాఱులును బాలుడు ఉత్సాహముతో కాగితము తీసికొనెను. చెప్పినవారు బాలుని చూడలేదు, రెక్కను చూచిరి. అన్నియు ఒక్కమాటున చెప్పలేదు, ఒక్కొక్కటిగా చెప్పిరి.

మన పల్లెబడులలో ఇది సాగునా యని సందేహింపవచ్చును. నా తరగతిలో నడచిన యొక దినమును చెప్పెదను. ఒక బాలుడు ఎడ్లబండిని గీసెను. దానిని గోడకు తగిలించి, మొదటి వరుసగా, బాగు ఓగుల మాట యెత్తక, కనబడినది మాత్రము చెప్పుడంటిని. చక్రము కోడిగ్రుడ్డువలె నుండుటచే వెనుక బల్లనుండి కిలకిల బయలుదేఱినది. ‘నవ్వు కనబడదురా, కనబడినది చెప్పు’మంటిని. ఒక బాలిక లేచి, ‘ఎడ్లు తలలు వంచుకొని ఉన్నాయి మాస్టారూ’ అనెను. ఎందుచేతనని అడిగితిని. ‘బండిలో బరువుంది. బస్తాలు పైదాకా ఉన్నాయి’ అని మఱియొకడు. ‘ఎండగా ఉంది. బండివాడి నీడ కాళ్ల కిందే ఉంది’ అని ఇంకొకడు. ఆ నీడను నేనును చూచియుండలేదు.

రెండవ వరుసలో, మఱల గీసినచో ఏమి చేర్చవచ్చునో గీసినవానిని ప్రశ్నగా అడుగుడంటిని. కిలకిల నవ్వినవాడే లేచి, ‘బండివాడి చేతిలో పగ్గాలు లేవు కదా, ఎడ్లను ఎలా తోలుతున్నాడు?’ అని అడిగెను. అది నిజమైన విమర్శ. గీసినవాడు తన బొమ్మదగ్గఱకు పోయి కొంతసేపు నిలిచి, ‘మా నాన్న పగ్గాలు మోకాలికింద పెట్టుకుంటాడు. అయినా గీస్తాను, కనపడాలి కదా’ అని, ‘చక్రం నాకు కుదరలేదు, ఎలా గీయాలి?’ అని తానే అడిగెను. చక్రము మాట ఎవ్వరును ఎత్తకముందే అతడు ఎత్తెను. ఒకడు మేకు, దారము తెచ్చి వృత్తము త్రిప్పి చూపెను. శిరీషపుష్పము మఱచితినన్న దుష్యంతుడు నా కన్నులయెదుట నిలిచెను.

నేను పెట్టుకొనిన నియమములు స్వల్పములు. మొదట చూచుట, తరువాత ఆధారము చెప్పుట, ఆపైన ప్రశ్న. మాట బొమ్మమీదనే గాని గీసినవానిమీద ఉండరాదు. ‘నీకు రాదు’ అన్నది మనిషిమీది మాట. ‘ఈ చెయ్యి ఆ చేతికన్న పొడవుగా నున్నది’ అన్నది పనిమీది మాట. ఆ పొడవు తప్పా, కావలెనని చేసినదా అన్నది గీసినవాడు చెప్పవలెను. కడపటి మాట అతనిది. చెప్పినవన్నియు విని, కొన్ని గ్రహించి కొన్ని విడుచుటకు అతనికి హక్కు కలదు.

పెద్దలు మఱియొక సందేహము తెలుపుదురు: ‘ఇంత నయము చూపినచో పిల్లలు మెత్తబడిపోరా? మమ్ము మా గురువులు కొట్టి నేర్పిరి.’ వట్టి పొగడ్త నయము కాదు. చూడకయే ‘భేష్’ అన్న తాతయు, చూడకయే ‘ఛీ’ అన్న తాతయు చూడకుండుటయందు సమానులే. బిడ్డకు ఆ భేదము తెలియును. ‘ఆహా’ యని తిరిగి పత్రికలో తలదూర్చిన పెద్దవానికి బిడ్డ రెండవ బొమ్మ తెచ్చి చూపదు. కోడిపుంజు తోకలో ఏడు ఈకలున్నవని లెక్కపెట్టినవానికి మఱునాడును తెచ్చి చూపును.

కనుక మీకు నా విన్నపము సులభమైనదే. మనుమడో మనుమరాలో బొమ్మ తెచ్చినప్పుడు ‘ఇదేమిటి?’ అని అడుగవలదు. పోలిక కుదరలేదన్న నింద ఆ ప్రశ్నలో దాగియున్నది. ‘దీని కథ చెప్పు’ అనుడు. మీకు కనబడిన యొక వస్తువును పేరుపెట్టి చెప్పుడు. సంక్రాంతికి మీ వీథిలో ముగ్గులపందెము పెట్టి, మీలో ఒకరిని న్యాయనిర్ణేతగా పిలుతురు. అప్పుడు మొదటి బహుమానము, రెండవ బహుమానము అని చదివి దిగివత్తురు గదా. ఈసారి ప్రతి ముగ్గుదగ్గఱను నిలిచి, ఒక్కటి చెప్పుడు: చుక్కల వరుస ఎక్కడను తప్పలేదనియో, మెలిక తిరిగి మొదటి చుక్కకే చేరినదనియో, ఇచ్చట పిండి పలుచబడి గీత తెగినదనియో. బహుమానము రాని బాలికకు ఆ మాటయే బహుమానము. వచ్చు సంవత్సరము ఆమె ఆ తెగిన గీతను జ్ఞప్తియుంచుకొని వంగి పిండి వదలును.

గణదాస హరదత్తుల తగవు నృత్యశాలలో ముగియలేదు. పాదధూళి, నీటిగుంట అను మాటలు నేటికిని మన రచ్చబండలమీద, పంచాయతులలో వినబడుచునే యున్నవి. ఎడ్లబండి బొమ్మలో నీడను చూచి, పగ్గముల మాట అడుగ నేర్చిన పిల్లవాడు పెరిగి పెద్దవాడై ఊరిపెద్దల యెదుట కాలువ లెక్కను విచారించునప్పుడు కూడ, మనిషిని విడిచి లెక్కను పట్టుకొనునని నా విశ్వాసము. చూచుట నేర్పుడు, మర్యాద దాని వెంటనే వచ్చును.

స్వస్తి.